రేఖక్క కొత్త బ్రాంచి

మా ఆఫీసు ఆరో అంతస్తులో నలభై రెండు మందిమి ఉంటాం. పక్క సీటువాడి ఊరేదో ఆరేళ్ళయినా తెలియదు గానీ, మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చే ఒక మెయిల్‌ను మాత్రం చదవకుండా వదిలినవాడు లేడు. రేఖక్క కర్రీ పాయింట్లో ఆ పూట ఏమేం కూరలున్నాయో అందులో ఉంటుంది. అక్క నాకు వాట్సాప్‌లో పంపిస్తుంది, నేను దాన్ని అందరికీ మెయిల్ చేస్తాను. కంపెనీలో నేను చేసిన పనుల్లో ఇంతవరకూ ఎవరూ వంక పెట్టనిది అదొక్కటే.

నా పేరు ఓబులేసు. మాది కడప జిల్లా. మా తాత పేరు నాకు పెట్టారు, ఆఫీసువాళ్ళు దాన్ని కోసి ఓబీ చేశారు. ఈ కథ నాది కాదు, రేఖక్కది. కానీ ఇందులో జరిగిన పెద్ద తప్పు నాది కాబట్టి నేను చెప్పడమే న్యాయం.

అక్క పుట్టిందీ పెరిగిందీ కొండాపూర్‌లోనే, ఇక్కడ అద్దాల మేడలు లేవక ముందు. ఇప్పుడు మా క్యాంటీన్ ఉన్న చోట వాళ్ళ నాయన జొన్నలు వేసేవాడట. ఆ జొన్నలే నయమని అక్క అంటుంది, మా క్యాంటీన్ ఇడ్లీ తిన్నవాడెవడూ ఆ మాట కాదనలేడు. పెళ్ళయ్యాక ఒక సూపర్‌మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర పనిచేసింది. భర్త మధుకరన్న గచ్చిబౌలి ఆఫీసులకు క్యాబ్ నడుపుతాడు, మాట తక్కువ మనిషి. వాళ్ళకు ఒక్కతే కూతురు, రసజ్ఞ. మూడేళ్ళప్పుడు ఆ పిల్లను మూడు ప్లే స్కూళ్ళు చేర్చుకున్నాయి, మూడూ వారం తిరక్కుండా వెనక్కి పంపాయి. డాక్టర్లు ఆటిజం అన్నారు. చుట్టాలు ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు. అక్క కౌంటర్ ఉద్యోగం మానేసి, మా ఆఫీసు వెనక సందులో ఒక షట్టర్ తీసుకుని కూరలు వండి అమ్మడం మొదలుపెట్టింది. బిడ్డ కళ్ళ ముందుంటుంది, పొయ్యీ కళ్ళ ముందుంటుంది, ఇంక ఫికర్ ఏముందని ఆమె ధీమా.

ఫికర్ కుక్కర్ లోపల ఉంది. విజిల్ కూస్తే చాలు, రసజ్ఞ ఒక్క అరుపు అరిచి షట్టర్ దాటి రోడ్డు మీదికి పరుగెత్తేది. ఒకసారి చౌరస్తా దాకా పోతే, మధుకరన్న ఆటోల మధ్యలోంచి ఎత్తుకొచ్చాడు. ఆ తర్వాత అక్క నెల రోజులు ఒక కన్ను కూర మీద, ఒక కన్ను పిల్ల మీద పెట్టి వండింది. చివరికి ఆమెకు తేలిందేమిటంటే, పిల్లకు చప్పుడుతో పేచీ లేదు, చెప్పాపెట్టకుండా వచ్చే చప్పుడుతోనే పేచీ. అప్పటినుంచీ కుక్కర్ గుసగుసలాడటం మొదలవగానే "రసా, విజిల్ వస్తది" అంటుంది. పిల్ల రెండు చేతులతో చెవులు మూసుకుంటుంది. విజిల్ వస్తుంది, పోతుంది. పిల్ల చేతులు దించి తన పనిలో పడుతుంది. కొన్నాళ్ళకు ఆ మాట మాకూ అంటుకుంది. లైన్లో నిలబడ్డ మేనేజర్లూ, టీమ్ లీడర్లూ, నిన్నగాక మొన్న చేరినవాళ్ళూ అందరం ఒకే గొంతుతో "రసా, విజిల్ వస్తది" అనేవాళ్ళం. కొత్తగా వచ్చిన కస్టమర్ బిత్తరపోయి తనూ చెవులు మూసుకునేవాడు.

రసజ్ఞ పని లైన్ చూడటం. సాయంత్రాలూ సెలవురోజులూ కౌంటర్ పక్కన స్టూలు మీద కూర్చుని కూర పొట్లాలు అందిస్తుంది. లైన్ వంకర పోతే పొట్లం అందదు. ఎంత తొందరున్నా, ఎంత పెద్ద ఉద్యోగమైనా సరే. మా పేర్లు ఆమెకు అక్కర్లేదు. నేను "టమాటా పప్పు, దొండకాయ వేపుడు, సాంబార్ వద్దు". మా మేనేజర్ "గోంగూర, రెండు పెరుగు". మా వాళ్ళు ముచ్చటపడి ఆ పిల్లను సూపర్ కంప్యూటర్ అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా రేఖక్క ముఖం కొంచెం ముడుచుకునేది. మెచ్చుకుంటే కోపమేమిటో నాకు అర్థమయ్యేది కాదు.

బడి సంగతికొస్తే, మూడో తరగతి దాకా ఏ గొడవా లేదు. ఇంటి దగ్గరి బడి, మేడ మీద గది, పక్కన కూర్చోవడానికి ఒక స్నేహితురాలు, అక్షరాలు మెల్లగా వస్తున్నాయి. ఈ జూన్‌లో నాలుగో తరగతిని కింది అంతస్తుకు మార్చారు. కొత్త గది పక్కనే కొత్తగా బిగించిన కరెంటు గంట. అది మోగితే పక్క వీధిలో కుక్కలు కూడా లేచి నిలబడతాయి. రోజుకు ఎనిమిదిసార్లు మోగుతుంది, ఎనిమిదిసార్లూ రసజ్ఞ గేటు దాకా పరుగు. జులై మొదటి వారంలో ప్రిన్సిపాల్ రంగనాథ్ గారు ఒక కాగితం చేతికిచ్చారు. పిల్ల మనుషుల్ని గుర్తించదు, గుంపులో కలవదు, భద్రతకు మేం పూచీ పడలేం, పక్కనే కూర్చోవడానికి మీ ఖర్చుతో ఒక మనిషిని పెట్టుకోండి, లేదా నెలాఖరులోగా టీసీ తీసుకెళ్ళండి అని అందులో ఉంది. తేలేదాకా బడికి పంపొద్దని నోటితో చెప్పారు. అప్పటినుంచీ రసజ్ఞ మధ్యాహ్నాలు కూడా స్టూలు మీదే. ఆయన చెడ్డవాడేమీ కాదు. తనకు ధైర్యం లేని ప్రతిచోటా రూలు ఉందనుకునే రకం.

టీసీ అంటే ఏమిటో అక్కకు బాగా తెలుసు. మూడు ప్లే స్కూళ్ళు అయిపోయాయి, ఇది నాలుగోది అవుతుంది. ఆ తర్వాత రసజ్ఞకు బడంటే షట్టరూ స్టూలే. అక్క మూడుసార్లు ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. పిల్లకు వైకల్యం ఉందని ప్రభుత్వ దవాఖానలో ఇచ్చిన సదరం సర్టిఫికెట్ చూపించింది. గంటకు రెండు నిమిషాల ముందు ఎవరైనా పిల్లకు ఒక మాట చెబితే చాలు, పరుగెత్తదని చెప్పింది. ఒక పిల్లకు చెబితే నలభై మందికి చెప్పాల్సి వస్తుందని ఆయన అన్నారు. మూడుసార్లూ ఆమెను నిలబెట్టే మాట్లాడారు. చివరికి, ఏదైనా ఉంటే మెయిల్‌లో రాయండమ్మా అన్నారు.

మెయిల్ అనగానే అక్క నా దగ్గరికి వచ్చింది. నాకు గర్వంతో చొక్కా బిగుతైంది. వికలాంగుల హక్కుల మీద 2016లో వచ్చిన చట్టం మొత్తం చదివాను. ఆఫీసులో అంత శ్రద్ధగా ఏదైనా చదివి ఉంటే ఈపాటికి నాకో క్యాబిన్ ఉండేది. గుర్తింపు ఉన్న బడి ఏదీ ఇలాంటి పిల్లను కాదని బయటికి పంపకూడదని మర్యాదగా రాసి, అక్కకు చదివి వినిపించి పంపాను. రెండో రోజు జవాబొచ్చింది. శనివారం పదకొండింటికి తల్లిదండ్రులు పిల్లను తీసుకుని రావలెను.

ఇక్కడ జరిగింది నా తప్పు. మా వృత్తిలో మనుషులకు సమావేశం గురించి నోటితో చెబితే చెప్పినట్టు కాదు. క్యాలెండర్‌లో పిలుపు పంపాలి. అక్కకూ మధుకరన్నకూ ఫోన్లో గంట ముందు గుర్తు చేస్తుంది కదా అని ఒక పిలుపు తయారు చేశాను. పైన "రేఖక్క, శనివారం పదకొండు గంటలు, తప్పకుండా రావాలి" అని రాశాను. బడి అడ్రసు మ్యాపుతో సహా పెట్టాను. ఎవరెవరికి అన్నచోట రెండు అక్షరాలు కొట్టగానే, రోజూ పంపే అలవాటుకొద్దీ కంప్యూటర్ మెనూ మెయిల్ జాబితా మొత్తం తెచ్చి పెట్టింది. నేను చూడకుండా పంపేశాను. మా వాళ్ళలో పిలుపు చదివి ఒప్పుకునేవాడు ఒక్కడూ లేడు, వేలు దానంతటదే వెళ్ళి ఒప్పుకుంటుంది. ఆ ఒప్పుకోళ్ళన్నీ వరసగా నా పెట్టెలో పడే ఉంటాయి. రెండు వందల మెయిల్స్ చదవకుండా పెట్టుకునే నాకు అవెక్కడ కనపడతాయి.

వాళ్ళు మాత్రం ఆలోచించుకున్నారు. రేఖక్క, శనివారం, అన్నం వేళకు కాస్త ముందు, కొత్త అడ్రసు. అంటే అక్క కొత్త బ్రాంచి తెరుస్తోంది. ఏర్పాట్లన్నీ ఓబీగాడే చూస్తున్నాడు, వాణ్ణి కదిలించొద్దు, మనమే చందాలేసుకుని సర్‌ప్రైజ్ చేద్దాం.

శనివారం పదకొండుకు పది నిమిషాల ముందు బడి గేటు దగ్గర మేం నలుగురం ఉన్నాం. అక్క ఇస్త్రీ చీరలో, చంకలో ఫైలుతో. మధుకరన్న యూనిఫాం చొక్కాలో. రసజ్ఞ రెండు జడలతో. నేను ఉత్త ధైర్యం కోసం. అంతలో మొదటి బైకు వచ్చి ఆగింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక రెండు క్యాబులు. పూలగుత్తులు, మిఠాయి డబ్బాలు, ఒక మనీప్లాంట్, చేతిలో ఇమడనంత గోడ గడియారం. ఒక పుణ్యాత్ముడు దిష్టి తీయడానికి బూడిద గుమ్మడికాయ కూడా భుజాన వేసుకొచ్చాడు. లెక్కపెడితే ముప్పై ఒక్క మంది. మిగతా పది మందికి ఊళ్ళో పెళ్ళిళ్ళున్నాయట. శనివారం కూడా మెడలో ఐడీ కార్డు తీయని జాతి మాది. ఫీజుల మీద ధర్నాకు వచ్చారనుకుని వాచ్‌మన్ గేటు మూసెయ్యబోయి, గుమ్మడికాయ చూసి ఆగిపోయాడు. ధర్నాకు గుమ్మడికాయ ఎందుకో అతనికి అంతుచిక్కలేదు.

అక్క నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు, అదే భయం వేసింది.

"ఏంది ఓబులేసూ ఇది? నేను నెమ్మదిగ మాట్లాడుకుందమనుకుంటి. ఇంతమందిని చూసి నా బిడ్డ బెదిరి ఉరికిందనుకో, ఇగ ఆయనకు సాకు దొరికినట్టే. గియ్యాలే టీసీ చేతుల పెడ్తడు."

తగుదునమ్మా అని సాయానికి పోయి, అక్క కట్టుకున్న గూటిని నా చేత్తోనే కూలదోశానా అనుకుంటూ బైకుల దగ్గరికి పరుగెత్తాను. మా వాళ్ళకు సంగతి చెబితే గుమ్మడికాయవాడు అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

లోపల మాత్రం ఇంకో వింత జరుగుతోంది. ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి మమ్మల్ని చూశారు. మూడుసార్లు నిలబెట్టి మాట్లాడిన మనిషికి ఒక్కసారిగా కుర్చీలు గుర్తొచ్చాయి. అటెండర్ లింగమూర్తిని పంపి, అమ్మగారూ సారూ లోపలికి రండి అని పిలిపించారు. టీ కూడా వెళ్ళింది. వచ్చిన పెద్దలందర్నీ వరండాలో నీడకు నిలబడమని మాకు కబురొచ్చింది. అక్కా మధుకరన్నా లోపలికి వెళ్ళారు. రసజ్ఞ గుమ్మం దగ్గర ఆగిపోయింది. మా ముప్పై ఒక్క మందిని చూసి చెవులు మూసుకుంది. కాలు గేటు వైపు తిరిగింది.

"లైన్" అంది రసజ్ఞ.

అంతే. ఆరేళ్ళ శిక్షణ. ముప్పై ఒక్క మందిమీ, నేనూ, పూలగుత్తులతో సహా వరండా గోడ వెంట వరసలో నిలబడ్డాం. ఆమె చేతులు దించి మొదటినుంచీ చూసుకుంటూ వచ్చింది. గోంగూర, రెండు పెరుగు. వంకాయ, పచ్చిపులుసు. టమాటా పప్పు, దొండకాయ వేపుడు, సాంబార్ వద్దు. ప్రతివాడూ తన కూర వినపడగానే, పెళ్ళిలో అక్షింతలు పడ్డట్టు తల వంచాడు. గుమ్మడికాయవాడి దగ్గర ఆగి, వాడి భుజం వైపు చూసి, అది ఆర్డర్లో లేదని తేల్చి పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆమె చివరిదాకా రాకముందే లింగమూర్తి వరండా ఆ కొసన గంట స్విచ్ దగ్గరికి నడవడం చూశాను. పదకొండున్నర. ఆలోచించే వ్యవధి లేదు, నోట్లోంచి అలవాటైన మాటే వచ్చింది. నాతోపాటు ముప్పై ఒక్క గొంతులు కలిశాయి.

"రసా, విజిల్ వస్తది."

పిల్ల చెవులు మూసుకుంది. మేమూ మూసుకున్నాం. పూలగుత్తులు పట్టుకున్నవాళ్ళు మోచేతులతో మూసుకున్నారు. గంట మోగింది, ఎంత మోగాలో అంతా మోగింది. రసజ్ఞ కదల్లేదు. చేతులు దించి, ఆఖర్న మిగిలిన ఇద్దరి కూరలు చెప్పి ముగించింది.

ప్రిన్సిపాల్ గారు అప్పటికే గుమ్మంలో ఉన్నారు, అక్క ఆయన వెనక ఉంది. ఆయన ముఖం వెలిగిపోతోంది. ముప్పై మందికి పైగా మనుషులు, ఒక్కొక్కరికీ రెండు మూడు పదార్థాలు, ఒక్కటీ తప్పు పోలేదండి అన్నారు. ఇంత జ్ఞాపకశక్తి ఉన్న పిల్లను వదులుకుంటామా, వార్షికోత్సవంలో స్టేజీ ఎక్కిద్దాం, టీసీ మాట మర్చిపోండి అన్నారు. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను అందరికంటే గట్టిగా కొట్టాను. అక్క మాత్రం సంతోషించలేదు. నాకు తెలిసిన ఆ ముడత ఆమె ముఖంలోకి వచ్చింది.

"సార్, ఒక్క మాట" అంది. "ఆమెకు ఇవన్ని యాదికున్నయని ఉంచుకుంటమంటున్నరు. రేపు మర్చిపోతే తీసేస్తరా?"

అబ్బే, అలా కాదమ్మా, ఇంత తెలివైన పిల్ల కదా అని ఆయన ఏదో అనబోయారు.

"ఆ క్లాసుల నలభై మంది ఉన్నరు సార్. నీకేమొస్తదో చేసి చూపెట్టు, అప్పుడు కూసోబెడ్త అని ఒక్కరినన్న అడిగిన్రా? నా బిడ్డకు ఏం రాకున్నా ఆ బెంచి ఆమెదే. ఆ గదిలనే కూసుంటదని రాసియ్యిండ్రి. గంటకు ముందు ఒక మాట చెప్తమని రాసియ్యిండ్రి. తెలివి సంగతి మాత్రం రాయకుండ్రి."

చప్పట్లు ఆగిపోయాయి. సూపర్ కంప్యూటర్ అని ముచ్చటపడ్డ పూటలన్నీ నాకు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ పిల్ల కూరలు తప్పు చెప్పిన రోజు మేం ఏమనేవాళ్ళమో అక్క ముందే ఆలోచించింది, మేం ఆలోచించలేదు.

ప్రిన్సిపాల్ గారు జేబులోంచి పెన్ను తీశారు. సరేనమ్మా, రాస్తాను గానీ టీచరు పాఠం మధ్యలో గడియారం చూస్తూ కూర్చోలేదు కదా, ఆ చెప్పేదెవరండి అన్నారు. స్విచ్ దగ్గరే నిలబడి అంతా వింటున్న లింగమూర్తి గొంతు సవరించుకున్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఈ బడి గంట ఇనుప కమ్మీగా ఉన్న రోజులనుంచీ అతనే కొడుతున్నాడు.

"నేను చెప్త సార్. గంట కొట్టేటోన్ని నేనే, కొట్టెటప్పుడు నాకే గద తెలుస్తది. ఆ కిటికీ ముందలకెల్లే పోత. ఇన్నొద్దులు నన్నెవరు అడగలే."

చట్టం చదివిన నాకూ, రూళ్ళు చదివిన ఆయనకూ తట్టనిది అదే. గంట కొట్టే మనిషిని అడగాలని. ప్రిన్సిపాల్ గారు లోపలికి వెళ్ళి నాలుగు వాక్యాల కాగితం రాసి, ముద్ర వేసి ఇచ్చారు. అక్క దాన్ని అక్కడే రెండుసార్లు చదివి, తెలివి అన్న మాట లేదని చూసుకున్నాక ఫైల్లో పెట్టుకుంది. మధుకరన్న ఆ రోజు మొత్తానికి నోరు తెరిచి ఒకే మాట అన్నాడు, మంచిగైంది అని.

ఇక మిగిలింది సామాను. తెచ్చిన గుమ్మడికాయను వెనక్కి తీసుకెళ్ళకూడదని వాడు పట్టుబడితే, లింగమూర్తి గేటు ముందు దిష్టి తీసి పగలగొట్టాడు. మిఠాయి పిల్లలకు పంచారు. గడియారాన్ని నాలుగో తరగతి గదిలో తగిలించారు. దాని కింద బంగారు అక్షరాలతో "కొత్త బ్రాంచి ప్రారంభోత్సవ శుభాకాంక్షలతో, ఆరో అంతస్తు మిత్రులు" అని ఇప్పటికీ ఉంది. పని అయ్యాక, బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ మమ్మల్ని చూసి అక్క నవ్వడం మొదలుపెట్టింది. ఆపుదామన్నా ఆగలేదు, చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తిండికని వచ్చిన్రు గద, నడువుండ్రి అని అందర్నీ షట్టర్ దగ్గరికి తీసుకుపోయి కడుపునిండా పెట్టింది. నాకు మాత్రం అందరికంటే చివర్న వడ్డించింది. సాంబారు కూడా పోసింది, అది శిక్ష.

సోమవారం ఉదయం అక్క నన్నూ రమ్మంది. మధుకరన్న క్యాబ్ బడి గోడ పక్కన ఆపితే, గోడకున్న ఇనుప జాలీలోంచి నాలుగో తరగతి కిటికీ కనపడుతుంది. రసజ్ఞ కిటికీ పక్క బెంచీలో, స్నేహితురాలి పక్కన కూర్చుంది. మొదటి పీరియడ్ అయిపోవచ్చింది. లింగమూర్తి నడుచుకుంటూ వచ్చి, కిటికీ ముందు ఆగి రెండు వేళ్ళు చూపించి వెళ్ళిపోయాడు. రసజ్ఞ చెవుల మీదికి చేతులు పోయాయి. పక్కనున్న పిల్ల ఆమెను చూసి తనూ మూసుకుంది. వాళ్ళను చూసి ముందు బెంచీ, దాన్ని చూసి వెనక బెంచీ. గంట మోగే వేళకు గదిలో నలభై మందీ చెవులు మూసుకుని కిలకిలా నవ్వుతున్నారు. బోర్డు దగ్గర టీచరమ్మ ఒక్క క్షణం తటపటాయించి, చాక్‌పీసు కింద పెట్టి తనూ మూసుకుంది. ఎవరూ పరుగెత్తలేదు. అక్క జాలీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నవ్వుతూనే ఏడ్చింది.

ఆఫీసుకు వచ్చి కూర్చున్నాను. పన్నెండింటికి వాట్సాప్ మోగింది. ఆ పూట దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు, గోంగూర, పచ్చిపులుసు. కింద ఒక మాట ఎక్కువుంది. "రసజ్ఞ బడిల ఉన్నది. లైన్ మీరే కట్టుండ్రి."

ఒక్క అక్షరం మార్చకుండా అందరికీ పంపాను. ఈసారి ఎవరికి పంపుతున్నానో రెండుసార్లు చూసుకున్నాను. ఒంటిగంటకు వెళ్ళేసరికి నలభై ఒక్క మంది షట్టర్ ముందు వంకర లేకుండా నిలబడి ఉన్నారు. నేను చివర్న చేరాను. కౌంటర్ పక్కన స్టూలు ఖాళీగా ఉంది. లోపల కుక్కర్ గుసగుసలాడటం మొదలుపెట్టింది. పిల్ల అక్కడ లేదని తెలిసి కూడా అందరం "రసా, విజిల్ వస్తది" అని చెవులు మూసుకున్నాం.